నేలచెవి

కిబెండా దేశంలో ప్రభుత్వం అంటే రాజధానిలోని నాలుగు వీధులు. ఆ నాలుగు వీధుల్లో జెండా ఎగురుతుంది, ట్రాఫిక్ దీపాలు వెలుగుతాయి, మంత్రులు కార్లలో తిరుగుతారు. అయిదో వీధి నుంచి ఎవడి చేతిలో తుపాకీ ఉంటే వాడే మంత్రి. ఆ దేశాన్ని నిలబెడతామని ఇరవై రెండు దేశాలు కలిసి పన్నెండు వేలమందికి నీలి హెల్మెట్లు పెట్టి శాంతి దళంగా పంపాయి. ఆరేళ్లలో వాళ్లు నిలబెట్టింది తమ గుడారాలను మాత్రమేనని డాక్టర్ సత్యవేణి ఇప్పుడు ఎవరడిగినా మొహమ్మీదే చెబుతుంది. మూడేళ్ల కిందట, మూడు పెట్టెల ఇత్తడి గొట్టాలతో అక్కడ విమానం దిగినప్పుడు మాత్రం ఆమె అలా అనుకోలేదు.

ఆ గొట్టాలు ఆమె చేసినవే. బొగ్గుగనుల్లో పైకప్పు కూలబోయే ముందు రాయి లోలోపల చేసే చప్పుడు వినడానికి పదేళ్లు కష్టపడి తయారుచేసింది. మోకాలిలోతు గుంట తీసి ఒక గొట్టం పాతితే చాలు, కోసు దూరంలో పశువు నడిచినా దానికి తెలుస్తుంది. శాంతి దళం వాళ్లకు ఈ సంగతి తెలిసి, అడవిలో ముఠాల అడుగులు విని చెప్పమని పిలిచారు. నూట తొంభై ఊళ్లలో గొట్టాలు పాతారు, ఒక్కొక్కటిగా ఆ ఊళ్లలోనే చిన్న చిన్న శిబిరాలు వేస్తూ వచ్చారు. యంత్రానికి ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. అక్కడున్న భారతీయ సైనికులు దాన్ని నేలచెవి అన్నారు, ఆ పేరే నిలిచింది.

మొదటి ఆరు నెలలూ నేలచెవికి అడుగులు వినబడలేదు. పొద్దున లేస్తే దబ్ దబ్‌మని ఒకటే మోత, ఊరూరా ఆడవాళ్లు రోళ్లలో కర్రపెండలం దంచే మోత. ఆ గోలను ఎలా వడకట్టాలో తెలియక సత్యవేణి జుట్టు పీక్కుంటున్న రోజుల్లో, కాంటీన్‌లో కూరలు తరిగే మామా ఇలోంబే (అక్కడి భాషలో మామా అంటే అమ్మ) టీ ఇవ్వడానికి వచ్చి స్పీకరు ముందు ఆగిపోయింది.

"ఇది ఏ ఊరు?" అని అడిగింది.

"కసేలే."

మామా ఇలోంబే కాసేపు విన్నది. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. రోకలి పట్టీ పట్టీ రెండు అరచేతులూ కాయలు కాసిపోయాయి. "వేయించిన పెండలం దంచుతున్నారు. చూడు, దెబ్బ తేలిక, ఎక్కువసేపు. మెత్తటి పిండి కావాలి వాళ్లకి. మూటగట్టుకుంటే పదిరోజులు చెడదు. అన్ని ఇళ్లవాళ్లూ ఒకేసారి దంచుతున్నారు."

"ఎందుకు?"

"పారిపోవడానికి," అంది మామా, అదేం ప్రశ్న అన్నట్టు.

రెండో రోజున కసేలే తగలబడింది. అక్కడ ఇంకా శిబిరం పడలేదు.

ఆ వారం సత్యవేణి నిద్రపోలేదు. ముఠా వస్తోందని అందరికన్నా ముందు తెలిసేది ఆడవాళ్లకే. నీళ్లకు వెళ్లిన చోట, సంతలో, ఎవరో ఒకరు చెప్పుకుంటారు. పరాయి సైనికుడికి చెప్పరు, రోలుకు చెబుతారు. గోల అనుకుని వడకట్టి పారేస్తున్నదాంట్లోనే అసలు కబురు ఉంది. ఏ ఊళ్లో రోళ్లన్నీ వేళగాని వేళ ఒక్కసారిగా మోగుతాయో ఆ ఊరు పటంలో ఎర్రబడేలా ఆమె యంత్రానికి నేర్పింది. దాడికి నలభై గంటల ముందు ఎరుపు! నలభై గంటల్లో సైన్యం దేశంలో ఏ మూలకైనా వెళ్లగలదు. ఆ రోజు ఆమె మామాను పట్టుకుని ఏడ్చింది. ఇక మీ ఊళ్లు కాలవు అని మాటిచ్చింది. ఆ మాట ఇచ్చినందుకు ఇప్పటికీ తన నాలుక తెగ్గోసుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే ఆ శాంతి మిషన్ అధిపతి జనరల్ కాల్డర్ పదిహేడో నంబరు ఉత్తర్వు జారీచేశాడు. ఎర్రబడిన ఊళ్లో శాంతి దళం శిబిరం ఉంటే పన్నెండు గంటల్లో ఖాళీ చెయ్యాలి.

సత్యవేణి కాగితం పట్టుకుని పరుగెత్తింది. "పొరపాటున తిరగేసి రాశారు సార్. ఎర్రబడిన చోటికి వెళ్లాలి."

కాల్డర్ చెడ్డవాడిలా కనిపించడు, అదే ఒళ్లు మండే సంగతి. కుర్చీ చూపించి, కాఫీ పోయించి, మెల్లగా చెప్పాడు. "డాక్టర్, ఒక సైనికుడు చనిపోతే వాళ్ల దేశం బెటాలియన్‌నంతా వెనక్కి పిలుస్తుంది. మూడు దేశాలు పిలిస్తే ఈ మిషన్ ఉండదు. ఈ మిషన్ లేకపోతే ఆ ఊళ్లకు దిక్కెవరు? ముందు మనం ఉండాలి."

"మరి ఊళ్లోవాళ్లు?"

"వాళ్లను హెచ్చరించడానికి వేరే విభాగం ఉంది."

ఉంది, నిజమే. ఆ విభాగంలో ఒక హెచ్చరిక బయటికి రావాలంటే మూడు సంతకాలు కావాలి. మూడు సంతకాలకు నాలుగు రోజులు పట్టేది. నలభై గంటల ముందు తెలిసిన కబురు నాలుగో రోజున బూడిద మీదికి వచ్చి వాలేది. సత్యవేణి ఉత్తరాలు రాసింది, మీటింగుల్లో అరిచింది, రాజీనామా టైపు చేసి చింపేసింది. తను వెళ్లిపోతే ఈ కాస్త కూడా ఉండదని తనకు తాను సర్దిచెప్పుకుంది. కాల్డర్ చెప్పిన మాటే తనూ చెప్పుకుంటున్నదని ఆమెకు చాలా రోజుల దాకా తట్టలేదు.

మూడో ఏడు వచ్చేసరికి ముప్పై అయిదుసార్లు పటం ఎర్రబడింది, ముప్పై మూడుసార్లు దాడి జరిగింది. నూటికి తొంభై నాలుగు! చనిపోయిన శాంతి సైనికులు సున్నా. పత్రికలవాళ్లు ఫొటోలు తీసుకున్నారు. ఇంకో రెండు దేశాల్లోని మిషన్లు నేలచెవి మాకూ కావాలన్నాయి. ముప్పై మూడు ఊళ్లలో ఇరవయ్యోది న్గోలో, మామా ఇలోంబే ఊరు. మామా చెల్లెలు అందులో పోయింది. మామా నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు వచ్చి ఉల్లిపాయలు తరిగింది. సత్యవేణి ఓదార్చబోతే, "నీ యంత్రం అప్పటికి వినలేదా?" అని మాత్రం అడిగింది. సత్యవేణి ఏదో గొణిగి తప్పించుకుంది. మామాకు పదిహేడో ఉత్తర్వు సంగతి తెలియదు. కాంటీన్ పనివాళ్లకు ఉత్తర్వులు చూపించరు.

ఆ తర్వాత తువాలే ఎర్రబడింది.

తువాలే శిబిరంలో ఇరవై నాలుగుమంది భారతీయులున్నారు. వాళ్ల నాయకుడు సుబేదారు నూకరాజు సత్యవేణికి సొంత అన్న. వాళ్లది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. ఇంటికొకడు మిలిటరీలో ఉండే ఊరు. నూకరాజు కూతురు భువన పెళ్లి పదిరోజుల్లో ఉంది. సెలవు రద్దయి అతను ఇక్కడే చిక్కుకుపోయాడు.

ఎరుపు పడింది సాయంత్రం. మర్నాడు తెల్లవారుతుండగా వదిన వీడియో కాల్ చేసింది. అక్కడ ముహూర్తం తొమ్మిదింటికి, పసుపు దంచుతున్నారు.

"మీ అన్నయ్యకి సిగ్నల్ తగలట్లేదు వేణీ. కనీసం నువ్వైనా చూడమ్మా," అంటూ వదిన ఫోను ముత్తయిదువల వైపు తిప్పింది. రోకలికి కంకణం కట్టారు. అయిదుగురు వంతులవారీగా పోటు వేస్తున్నారు. వాళ్లయ్యాక వీధివీధంతా తలో పోటు వెయ్యడానికి నిలబడి ఉంది. పక్కింటి రోళ్లు కూడా తెచ్చి పెట్టారు, ఒకదాంట్లో కారం, ఒకదాంట్లో పిండి. పాటలు, నవ్వులు.

సత్యవేణి చెవికి పాటలు ఎక్కలేదు. దబ్ దబ్‌మనే మోత ఒక్కటే ఎక్కింది. రోళ్లన్నీ ఒకేసారి. దెబ్బ తేలిక, ఎక్కువసేపు. వేళగాని వేళ.

"వదినా, మళ్లీ చేస్తాను," అని ఫోను పెట్టేసి కాంటీన్‌లోకి పరుగెత్తింది.

"మామా, మీ వైపు పెళ్లికి పిండి దంచుతారా?"

మామా చాకు ఆపి వింతగా చూసింది. "దంచకుండా పెళ్లెలా అవుతుంది? రెండు కుటుంబాలూ ఒక్క పెరట్లో చేరి మూడు రోజులు దంచుతాయి. బాగా మెత్తగా. పిండి ఎంత మెత్తనైతే కోడలికి అంత గౌరవం."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు భయం గురించి అడిగావు. పెళ్లి గురించి అడగలేదు. అయినా మూడేళ్లుగా ఎవరు చేసుకున్నారు పెళ్లి?"

అదీ విషయం. యంత్రం చదువుకున్నది యుద్ధం రోజుల్లో. అది విన్న కాలంలో పల్లెల్లో ఒక్క పెళ్లీ జరగలేదు. ఈ మధ్య అక్కడక్కడా కాస్త ధైర్యం చిక్కి జనం పెళ్లిళ్లు పెట్టుకుంటున్నారు. ఆ శాంతిని నేలచెవి దాడి అని రాసుకుంటోంది. పెళ్లి ముందు పసుపు దంచే ఇంట్లో పుట్టిన తనకు ఇది తట్టలేదు. ఇంకెవరికి తట్టకపోయినా తనకు తట్టాలి కదా! పదేళ్లు రాళ్లను విని విని, తన ఇంటి రోలు చప్పుడు మర్చిపోయింది.

కాల్డర్ ఆమె చెప్పిందంతా విన్నాడు. ఓపికగా విన్నాడు. "పెళ్లి కావచ్చు," అన్నాడు. "కాకపోవచ్చు కూడా. తొంభై నాలుగు శాతం యంత్రాన్ని కాదని మీ ఊహ మీద ఇరవై నాలుగు ప్రాణాలు పెట్టమంటారా? అందులో మీ అన్న కూడా ఉన్నాడని విన్నాను. మీకు సంతోషంగా ఉండాలి కదా?"

సత్యవేణికి ఆ కాఫీ కప్పు తీసి గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టకుండా బయటికి వచ్చి శాటిలైట్ ఫోను అందుకుంది. ఉత్తర్వు ప్రకారం శిబిరం ఖాళీ చెయ్యడానికి ఇక గంటన్నర ఉంది.

"ఏంటే వేణీ, పొద్దున్నే?" అన్నాడు నూకరాజు. వెనకాల ట్రక్కుల్లోకి సామాను విసురుతున్న చప్పుడు.

"అన్నయ్యా, ఊళ్లో పెళ్లేవన్నా ఉందా?"

"ఎల్లుండి. ఊరి పెద్ద మనవరాలిది. నన్నూ పిల్చారు. మా భువన పెళ్లికి ఎలాగూ లేను, ఇదైనా తిందావనుకున్నా. ఇంతలో మీ చెవి కాస్తా ఎర్రబడి చచ్చింది."

"అది పెళ్లి పిండే. దాడి కాదు. మీరు కదలొద్దు."

"వేణీ, నీకో ముక్క చెప్తా విను. ఇక్కడ ఏటొడ్డున ఒకడు రోజూ గాలం వేసుక్కూర్చుంటాడు. మూణ్ణెల్లయింది, ఒక్క చేప పట్టడం నేన్చూళ్లేదు. ఆడు చూసేది ఏట్లోకి కాదే, మా ట్రక్కుల్లోకి. ఇందాక మేం సామాను సర్దడం మొదలెట్టగానే గాలం అక్కడే పడేసి పోయాడు."

"అంటే మీరు వెళ్తే..."

"వెళ్తే వచ్చేత్తారు. రాకుండా ఎందుకుంటారు? తలుపు తీసిపెట్టాం కదా." నూకరాజు గొంతు తగ్గించాడు. "ఇక్కడ ఆరొందల మందున్నారే. ఆళ్లు మమ్మల్ని చూత్తన్నారు. ఒక్కళ్లూ ఏం అనట్లేదు. అంటే బాగుణ్ణు."

"అన్నయ్యా, ఏదోటి చెయ్యి."

"ఆర్డరు కాదంటే కోర్టు మార్షలే. ఇరవయ్యెనిమిదేళ్ల సర్వీసు."

"తెలుసు."

"గమ్మునుండు, ఆలోచించనీ," అన్నాడు. ఆలోచనకు ఎక్కువసేపు పట్టలేదు. "పెట్టెయ్. ఇంకో గంటదాకా చెయ్యకు."

ముప్పావుగంటకు కంట్రోల్ రూముకు తువాలే నుంచి వైర్‌లెస్‌లో కబురొచ్చింది. రెండు ట్రక్కులకూ ఒకేసారి ఫ్యూయల్ పంపులు పోయాయట. బాగుచెయ్యడానికి సామాను లేదట. ఎర్రబడిన ప్రాంతంలో కాలినడకన కదలకూడదని ఉత్తర్వులోనే ఉంది కాబట్టి, తప్పనిసరి పరిస్థితుల్లో శిబిరం ఉన్నచోటే ఉండిపోతోందట. రెండు పంపులు ఒకేసారి ఎలా పోతాయో కాల్డర్‌కు తెలుసు. కాని కాలినడకన కదలొద్దన్న తన ఉత్తర్వును తనే కొట్టెయ్యాలంటే ఆయనకూ సంతకాలు కావాలి.

ఆ రోజూ, మర్నాడూ సత్యవేణి పటం ముందు నుంచి లేవలేదు. మామా ఇలోంబే అన్నం పళ్లెం తెచ్చి పెట్టి, ఆమె తినకపోతే తనే కూర్చుని పటాన్ని చూసింది. తువాలే మీద ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం నూకరాజు ఫోను చేశాడు.

"వచ్చారే. అవతల ఒడ్డున నలభైమంది దాకా. మా వంటపొయ్యి పొగ చూశారు, జెండా చూశారు. పావుగంట నించున్నారు. ఆడవాళ్లు మాత్రం దంచడం ఆపలేదు, తెల్సా? ఎనక్కి చూడకుండా దంచుతానే ఉన్నారు. ఆళ్లు ఎల్లిపోయారు."

"కాల్పులు?"

"ఒక్క గుండు లేదు. మాకేవన్నా ఎక్కువ తుపాకులున్నాయా? ఉన్నాం, అంతే. ఉంటే చాలు."

సత్యవేణి ఫోను పట్టుకునే ఏడ్చింది. పక్కనున్న మామా ఆమె వీపు నిమిరింది, ఎందుకో తెలియకుండానే.

తువాలేలో పెళ్లి బాగా జరిగింది. నేలచెవి పుస్తకంలో తువాలే పేరు ఎదురుగా "తప్పు" అని పడింది. నూటికి తొంభై నాలుగు తొంభై రెండుకు దిగింది. కాల్డర్ రెండు పనులు చేశాడు. సుబేదారు నూకరాజు మీద విచారణ వేశాడు. యంత్రంలో లోపాలు సరిచెయ్యమని సత్యవేణికి రాశాడు.

లోపాలు వెతకడానికి ఆమె మూడు తప్పుల ఫైళ్లూ తీసింది. తువాలేలో సైన్యం కదలలేదు. మొదటి తప్పు జరిగిన ఊళ్లో వరదకు రోడ్డు తెగి సైన్యం కదల్లేకపోయింది. రెండో ఊళ్లో హెలికాప్టరు చెడి కదల్లేకపోయింది. ఆమె గబగబా మిగతా ముప్పై మూడు ఫైళ్లూ తిరగేసింది. ముప్పై మూడింటిలోనూ సైన్యం ఖాళీ చేసింది. ఒక్కటీ మినహాయింపు లేదు.

మూడేళ్లుగా యంత్రం దాడి ఎక్కడో చెబుతోందనుకుంటున్నారు. అది చెప్పింది ఆడవాళ్లు రోకలి ఎత్తారని మాత్రమే. ఆపైన అది నిజమయ్యేలా చేసింది శాంతి దళం. ఎరుపు పడగానే లేచిపోయారు, లేచిపోగానే వాళ్లు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ లెక్కలో "ఒప్పు" అని రాసుకుని చప్పట్లు కొట్టుకున్నారు. వాటిలో కొన్ని ఊళ్లు ఎలాగూ కాలిపోయేవేమో. ఎన్నో, ఏవో ఇక ఎవరూ చెప్పలేరు. ఎన్ని ఊళ్లలో ఆ పిండి పెళ్లిపిండో కూడా చెప్పలేరు, అడుగుదామంటే అక్కడ మనుషుల్లేరు.

ఆ కాగితం చూసి కాల్డర్ మొహం పాలిపోయింది. ఒక్క క్షణమే. "ఇది బయటికి వెళ్తే మిషన్ మూతపడుతుంది," అన్నాడు. "అప్పుడు ఆ నాలుగు వీధులు కూడా ఉండవు. మీరే చెప్పండి, అది మంచిదా?"

"ఉండడానికే వచ్చాం కదా సార్. ఉండమంటున్నాను."

"రాతపూర్వకంగా ఇవ్వండి. కమిటీకి పంపిస్తాను."

ఆమె తిన్నగా కాంటీన్‌కు వెళ్లింది. ఉత్తర్వు కాగితాన్ని మామా ముందు పెట్టి, ఆ భాషలో తనకు వచ్చిన మాటల్తో మొత్తం చెప్పింది. ఏదీ దాచలేదు. న్గోలో ఎర్రబడింది దాడికి ముందటి రోజు పొద్దున అని, ఆ మధ్యాహ్నమే సైన్యం వెళ్లిందని కూడా.

మామా ఇలోంబే చేతులు తుడుచుకుంది. "నా చెల్లెలు దంచింది. నీకు వినబడింది."

"అవును."

"నీకు చెప్పింది నేను. ఆ చప్పుడు ఏమిటో నేనే నేర్పాను."

"మామా..."

"మా భయం విని మీరు పారిపోయారు," అంది మామా. గొంతు పెంచలేదు. "ముఠావాళ్లకు మా భయం వినబడదు, మీరు పారిపోవడం కనబడుతుంది. అంతేనా? సరిగ్గా అర్థమైందా నాకు?"

"అంతే."

మామా అప్రాన్ విప్పి మడిచి బల్ల మీద పెట్టింది. "ఈ సంగతి ఇంకెవరికీ చెప్పకూడదా?"

"చెప్పకూడదు. ఉద్యోగం పోతుంది, జైల్లో కూడా వేస్తారు. నన్ను," అంది సత్యవేణి. "నువ్వు చెప్పు. అందరికీ చెప్పు."

మామా ఆ రోజే వెళ్లిపోయింది. ఆ దేశంలో ప్రతి నాలుగు ఊళ్లకూ ఒక వారపు సంత ఉంటుంది. సంతలో మగవాళ్లు పశువుల బేరాల్లో ఉంటే ఆడవాళ్లు కబుర్లలో ఉంటారు. మూడు వారాలు గడిచాయి. విచారణలో నూకరాజు సర్వీసు పుస్తకంలో ఎర్రసిరాతో ఒక వాక్యం రాసి ఇంటికి పంపించేశారు. కూతురు పెళ్లి అయిపోయాక ఇల్లు చేరాడు. "అల్లుడు మంచోడేలే," అని ఫోనులో చెప్పాడు, అంతకుమించి చెప్పలేకపోయాడు. పింఛనులో కోత పడుతుంది. కమిటీ నుంచి సత్యవేణి కాగితానికి జవాబు రాలేదు.

నాలుగో వారం సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి కంట్రోల్ రూములో గంటలన్నీ ఒక్కసారిగా మోగాయి. సత్యవేణి వెళ్లేసరికి పటం మీద ఎరుపు తప్ప ఇంకేం లేదు. నూట తొంభై ఊళ్లు. ఆమె స్పీకరు పెట్టింది. దేశం దేశమంతా దంచుతోంది. పెండలం ఉన్నవాళ్లు పెండలం దంచుతున్నారు, లేనివాళ్లు రోట్లో ఇసుక పోసి దంచుతున్నారని తర్వాత తెలిసింది.

కాల్డర్ బూట్ల లేసులు కట్టుకోకుండానే వచ్చాడు. "యంత్రం చెడిపోయిందా?"

"లేదు సార్. ఎప్పటికన్నా బాగా వింటోంది."

"ఇందులో నిజం ఏది? ఏ ఊరిని ఖాళీ చెయ్యాలి?"

"మీ ఉత్తర్వు ప్రకారం అన్నీ. పన్నెండు గంటల్లో అందరూ విమానాశ్రయానికి పోవాలి. దేశం వదిలేసి పోవాలి. లేకపోతే ఉన్నచోట ఉండాలి. మూడో దారి వాళ్లు మీకు వదల్లేదు."

"ఇది మీ పనేనా?"

"వాళ్ల పని. నేను చెప్పానంతే. మీరు చెప్పాల్సింది నేను చెప్పాను."

మొదటి ఫోను మోగింది. ఏదో నదీతీరపు శిబిరం నుంచి, చిన్న వయసు గొంతు. "సార్, ఎరుపు పడింది. ట్రక్కులు ఎక్కమంటారా?" స్పీకర్లో రోకళ్ల మోత, ఫోనులోనూ అదే మోత. కాల్డర్ పటాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. ఎర్రబడని ఒక్క పచ్చచుక్క కోసం చూస్తున్నాడని గదిలో అందరికీ తెలుస్తూనే ఉంది. రెండో ఫోను, మూడో ఫోను మోగసాగాయి.

"ఉండండి," అన్నాడు చివరికి. "ఎక్కడివాళ్లక్కడ ఉండండి."

సత్యవేణి తన గుర్తింపు కార్డు మెడలోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఈ ఒక్క మాట అనడానికి మీకు ముప్పై మూడు ఊళ్లు పట్టింది సార్," అంది.

ఆయన ఆమె వైపు చూడలేదు. రెండో ఫోను అందుకుని మళ్లీ అదే మాట చెప్పాడు.